వాగు నీటిని కాపాడే పనులకు ఈక్విప్ సాయం: దరఖాస్తు విధానం

అమెరికాలో పొలం మట్టి, ఎరువు, పేడనీళ్లు వాగులో కలవకుండా చేసే పనులకు ఖర్చులో కొంత వాటాను ఈక్విప్ పథకం భరిస్తుంది. దీన్ని నడిపేది ఫెడరల్ వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) కిందున్న నేల, నీటి సంరక్షణ సంస్థ ఎన్‌ఆర్‌సీఎస్. కాంట్రాక్టు మీద రెండు వైపులా సంతకాలు పడేదాకా పని మొదలుపెట్టకండి. రాతపూర్వక మినహాయింపు లేకుండా ముందే కంచె వేసేస్తే ఆ కంచెకు పైసా రాదు.

మొదట మీ ప్రాంతంలోని యూఎస్‌డీఏ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, ఎఫ్‌ఎస్‌ఏ (అదే శాఖలో రైతుల, పొలాల రికార్డులు చూసే సంస్థ) దగ్గర ఫార్మ్ నంబర్ తీసుకోవాలి. ఏడీ-1026 ఫారంలో కోతకు గురయ్యే నేలలు, చిత్తడి నేలల నిబంధనలు పాటిస్తామని, సీసీసీ-941 ఫారంలో ఆదాయ పరిమితికి లోబడి ఉన్నామని రాసివ్వాలి. ఆ పరిమితి సాధారణంగా సగటున ఏడాదికి 9 లక్షల డాలర్లు. దరఖాస్తు ఫారం సీపీఏ-1200. చాలా ఫైళ్లు ఆగేది పేర్ల దగ్గరే: ఎఫ్‌ఎస్‌ఏ రికార్డులో భూమి ఎల్‌ఎల్‌సీ (కంపెనీ) పేరున ఉంటుంది, దరఖాస్తు సొంత పేరున పెడతారు. కౌలు రైతులు కూడా పెట్టుకోవచ్చు, కానీ కాంట్రాక్టు కాలమంతా భూమి తమ చేతిలో ఉంటుందని చూపాలి.

దరఖాస్తు ఏడాది పొడవునా తీసుకుంటారు. దరఖాస్తులను ఎంపిక చేయడానికి మార్కులు వేసే గడువు మాత్రం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అది దాటితే తర్వాతి విడత దాకా ఆగాల్సిందే. మీ పొలం నేషనల్ వాటర్ క్వాలిటీ ఇనిషియేటివ్‌కు ఎంపికైన పరీవాహకంలో ఉందేమో అడగండి. 2012లో మొదలైన ఈ కార్యక్రమానికి నిధులు విడిగా ఉంటాయి.

పనుల ప్లాను వేసే ప్లానర్ పొలానికి వచ్చినప్పుడు వాన నీళ్లు ఎటు పారతాయో, వాగులో ఎక్కడ పడతాయో దగ్గరుండి చూపించండి. వాగు వెంట వేసే గడ్డి పట్టీ, అంటే ఫిల్టర్ స్ట్రిప్, నీరు పారే దిశలో మట్టిని ఆపడానికి కనీసం 20 అడుగులు, కరిగిన ఎరువును ఆపడానికి 30 అడుగులు ఉండాలి. అయితే నీరు పలచగా పరుచుకుని దాని మీదుగా పారితేనే ఫలితం. ఒక్కచోట పాయ కట్టి దూకితే గడ్డిని చీల్చుకుపోతుంది, పట్టీ ఎంత వెడల్పున్నా దండగే. అలాంటి చోట ముందు నీటిని కోత పడకుండా తీసుకెళ్లే గడ్డి కాలువ అడగాలి.

డబ్బు పని పూర్తయ్యాకే వస్తుంది. అదీ మీ బిల్లుల లెక్కన కాదు. అడుగుకో, ఎకరానికో ముందే ఖరారైన రేటు ఇస్తారు. అంతకు మించి అయ్యింది మీదే. 10 ఏళ్లకు మించని అనుభవమున్న కొత్త రైతులకు, మాజీ సైనికులకు రేటు ఎక్కువ. వాళ్లు కోరితే కనీసం సగం ముందే ఇస్తారు, దాన్ని 90 రోజుల్లో ఖర్చు పెట్టాలి.

ప్లానులో ఉన్న స్తంభం బదులు వేరేది వాడాలన్నా, కంచె నాలుగు అడుగులు పక్కకు జరపాలన్నా ముందే అడిగి మార్పు రాయించుకోండి. తనిఖీలో కొలత తప్పితే చెల్లింపు ఆగుతుంది. గడ్డి పట్టీని 10 ఏళ్లు, కంచెను 20 ఏళ్లు నిలబెట్టాలి. మధ్యలో తీసేస్తే సొమ్ము వెనక్కి అడగొచ్చు. వచ్చిన మొత్తానికి 1099-జీ అనే పన్ను పత్రం ఇస్తారు కాబట్టి పన్ను లెక్కలు చూసేవారికి ముందే చెప్పి ఉంచండి.