గద్వాల చీరకు 280 అక్షరాలు చాలు

చీరలు అమ్ముకోవడానికి ఎక్స్ (పాత ట్విట్టర్) వాడుతుంటే, డబ్బు కట్టని ఖాతాకు ఒక్కో పోస్టులో 280 అక్షరాలే దక్కుతాయి. తెలుగులో రాసేవాళ్లకు ముందుగా తేడా కొట్టేది ఈ లెక్క దగ్గరే. ‘గద్వాల’ మన కంటికి మూడక్షరాలు, యాప్‌కు ఆరు. గుణింతం గుర్తు, పొల్లు, ఒత్తు కింది హల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. లింకు ఎంత పొడుగున్నా 23, ఎమోజీ ఒక్కోటి 2.

అందుకే ఒక పోస్టులో ఒకే చీర. ‘గద్వాల చీర. నూలు నేత, పట్టు అంచు, పట్టు కొంగు. మెరూన్ రంగు. ఒక్కటే ఉంది.’ ఇది 72 అక్షరాలే. మిగిలినదాంట్లో ధర, కొరియర్ ఖర్చు, బ్లౌజు ముక్క ఉందో లేదో రాయండి. ‘ధరకు మెసేజ్ చేయండి’ అని మాత్రం రాయొద్దు. అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ, వాళ్లు ముందుకు జరిగిపోతారు.

ఫోటోలు నాలుగు దాకా పెట్టొచ్చు: మొత్తం చీర, కొంగు, అంచు దగ్గరగా, వెనక వైపు నేత. పొద్దున పూట వాకిట్లో నీడపట్టున తీయండి. ట్యూబ్‌లైటు కింద మెరూన్ ఒక రంగు, ఇంటికి చేరాక ఇంకో రంగు. చీర వాపసొచ్చేది దీనివల్లే. ఫ్లాష్ వేస్తే జరీ తెల్లగా మెరిసి డిజైన్ కనబడదు. నాలుగూ కలిసి కనిపించేటప్పుడు ఫోటోల అంచులు కత్తిరించుకుపోతాయి, చూపాల్సింది ఫోటో మధ్యలో ఉంచండి. పొడవు, జరీ రకం లాంటి వివరాలు ఫోటో వివరణ గడిలో రాస్తే 1000 అక్షరాలు పడతాయి, చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపిస్తుంది.

పోచంపల్లివాళ్లకైతే ఫోటోకన్నా వీడియో నయం. ఆసు పోయడం (దారాన్ని మేకుల చుట్టూ చుట్టడం), చిటికి కట్టడం (రంగు అంటకుండా దారాన్ని అక్కడక్కడా బిగించి కట్టడం), రంగు అద్దకం చూసినవాళ్లు ధర దగ్గర బేరం తక్కువ ఆడతారు. ఉచిత ఖాతాలో వీడియో 2 నిమిషాల 20 సెకన్లు దాటకూడదు.

హ్యాష్‌ట్యాగ్‌లో ఖాళీ వదిలితే ట్యాగు అక్కడే తెగుతుంది. #నారాయణపేట_చీర అని కింద గీతతో కలపండి. రెండు చాలు. పోస్టును ఎవరి ఖాతా పేరుతోనైనా మొదలుపెడితే అది జవాబు కింద లెక్క, మీ ఇద్దరినీ ఫాలో అయ్యేవాళ్లకే ఎక్కువగా కనిపిస్తుంది. ముందు ఒక మాట రాసి, తర్వాత పేరు పెట్టండి.

ఫిర్యాదు వస్తే అందరికీ కనబడేలా ఒక్కసారి జవాబివ్వండి, అడ్రసు, ఫోన్ నంబరు మెసేజ్‌లో అడగండి. బయట నంబరు పడితే మీ పేరుతోనే మోసగాళ్లు కొనుగోలుదారుకు ఫోన్ చేస్తారు. ఖాతాకు పాస్‌వర్డ్‌తోపాటు రెండో తాళంగా అథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్ చూపే యాప్) పెట్టుకోండి. 2023 నుంచి ఎస్ఎంఎస్ కోడ్ డబ్బు కట్టినవాళ్లకే. కొనేవాళ్ల నంబర్లు దుకాణం నోటుబుక్కులోనూ ఎక్కించండి. ఎక్స్ లాంటిదే, తెలుగులోనూ నడిచిన ‘కూ’ యాప్ 2024లో మూతపడింది, అక్కడి ఫాలోవర్లు దాంతోపాటే పోయారు.

ఉచిత ఖాతాలో పోస్టు దిద్దడానికి వీల్లేదు. ధర తప్పు పడితే వెంటనే తీసేసి మళ్లీ పెట్టండి. అమ్ముడైన చీర పోస్టును మాత్రం తీయొద్దు, దాని కిందే ‘అయిపోయింది, ఇదే అంచుతో ఇంకోటి మగ్గం మీదుంది’ అని రాయండి.