తొలకరికి ముందు గట్లు కొట్టిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

భీమిలి, ఆనందపురం, పద్మనాభం వైపు గట్ల మీద పొదలు కొట్టించే రోజులివి. కత్తి పట్టే ముందు:

– గట్టుకు నిప్పు పెట్టొద్దు. ఒక్క పూటలో పని తేలిపోతుంది, నిజమే. కానీ మట్టిని పట్టి ఉంచే గడ్డి దుబ్బులు కాలిపోతే అక్టోబరు తుఫాను వానకు ముందు తెగేది ఆ గట్టే. మంట పక్కవాళ్ల జీడితోటకు పాకితే ఇక చెప్పక్కర్లేదు.

– వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో పీకండి. మొలిచిన నెలకే పూస్తుంది, ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. పూసిన మొక్కను పెంటకుప్పలో వేస్తే ఎరువుతోపాటు మళ్లీ మీ పొలానికే వస్తుంది. గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, దాని దురద ఒక పట్టాన వదలదు.

– తంగేడు, వావిలి, కానుగ జోలికి వెళ్లొద్దు. కూలీలకు అన్నీ పిచ్చిమొక్కలే, కాబట్టి ఉంచాల్సినవాటికి ముందే గుడ్డపీలిక కట్టండి. బీర, గుమ్మడి కాయాలంటే తేనెటీగలు రావాలి, వాటికి ఈ పూలు కావాలి.

– చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి సంగతి కనుక్కోండి. సొంత పొలమైనా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది.

– పని మొదలయ్యేలోపు గట్టు మీద ఒక రాయి దగ్గర నిలబడి ఫోన్‌లో ఒక ఫొటో. మళ్లీ సంక్రాంతికి అదే రాయి దగ్గర నిలబడి, అదే వైపు ఇంకొకటి. లంటానా ముళ్లపొద ఎంత పాకిందో, ఈతమొక్కలు ఎన్ని నిలిచాయో అప్పుడు తెలుస్తుంది. నోటిలెక్క ఎవరిది వాళ్లదే.