ఒకే కాగితం మీద ముగ్గురి బొమ్మ, ఒకరి రాత, ఒకరి ముద్ర

చైనాలో చిత్రకారులు, లిపికారులు, ముద్రలు చెక్కేవాళ్లు కలిసి ఒకే బొమ్మను పూర్తిచేసే పద్ధతిని హెజువో హువా అంటారు. 1959లో బీజింగ్ మహాప్రజాసభా భవనం కోసం ఫు బావోషి, గువాన్ షాన్‌యువె కలిసి వేసిన పెద్ద చిత్రం మీద పేరు రాసింది మావో జెడాంగ్. మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు అంత పెద్ద పని అక్కర్లేదు. పైన్, వెదురు, ప్లమ్ పూలు చాలు. వీటిని చలికాలపు ముగ్గురు మిత్రులంటారు, ముగ్గురు చిత్రకారులకు తలా ఒకటి వస్తుంది.

కాగితం 69 × 138 సెంటీమీటర్ల షువాన్ (చైనా చిత్రకారులు వాడే కాగితం), పటిక పూయని రకం. కింద కంబళి పరవండి. సిరా మాత్రం అందరికీ ఒకే సీసాలోంచి లేదా ఒకే సిరారాయి మీంచి రావాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. ముందురోజు రాత్రి సిరాకడ్డీ అరగదీసి నిలవపెట్టిన సిరాలో జిగురు పట్టు తప్పుతుంది. బొమ్మకు వెనక కాగితం అంటించేటప్పుడు తడి తగిలి అలాంటి సిరా కరిగి పాకుతుంది. ఒకరి భాగం పాడైతే మొత్తం పోయినట్టే.

కుంచె పట్టేముందు బొగ్గుతో లీలగా హద్దులు గీసుకోండి. మూడింట ఒక వంతు ఖాళీగా ఉండాలి, రాతకు చోటు కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ముగ్గురూ ప్రధాన వస్తువే వేయాలనుకుంటే బొమ్మ చెడుతుంది. ఒకటి యజమాని, మిగతావి అతిథులు.

ముందు వేయాల్సింది కంటికి దగ్గరగా ఉన్నదాన్ని. సిరా మీద తెలుపు నిలవదు కాబట్టి, వెనకది ముందు వేస్తే పూలకు చోటుండదు. అందుకే ప్లమ్ కొమ్మ, పూల రేఖలు మొదట. పైన్ వేసేవారు తమ కాండాన్ని పూల అంచు దగ్గర ఆపి, అవతలి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. వెదురు చివర. దగ్గరి ఆకులు ముదురుగా, దూరపువి పలచగా వేస్తూ ఖాళీలను కలపాలి. ఒకరి వంతు అయ్యాక కాగితాన్ని గోడకు తగిలించి రెండు మూడు మీటర్ల దూరం నుంచి చూడండి. సగం ఆరిన సిరా మీద మళ్లీ కుంచె పెడితే మరకలు, బురద రంగు తప్పవు. పూర్తిగా ఆరాలి.

లిపికారుడు బొమ్మకు పేరు, సంవత్సరం, ఎవరు ఏం వేశారో నిలువు వరుసల్లో కుడి నుంచి ఎడమకు రాస్తాడు. సంవత్సరాన్ని చైనా అరవై ఏళ్ల చక్రంలోని పేరుతో, 2026 అయితే బింగ్-వు అని రాయాలి. బొమ్మ బరువుగా ఉన్నవైపు రాయకండి.

ముద్రను ముందే చెక్కి ఉంచాలి. ముద్రలకు వాడే మెత్తని చింగ్‌తియాన్ రాయి, 2 సెంటీమీటర్ల చదరం. గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, ముతకది మొదలు నున్నని దాకా రుద్ది అడుగు చదును చేయండి. అక్షరాల నమూనాను లిపికారుడే పలచని కాగితం మీద రాసిస్తే మేలు, బొమ్మ మీది రాతకూ ముద్రకూ పొత్తు కుదురుతుంది. ఆ కాగితాన్ని సిరావైపు రాయికి ఆనించి, తడిపి రుద్దితే అక్షరాలు తిరగేసి దిగుతాయి. అలా తిరగకుండా నేరుగా చెక్కితే అచ్చులో అక్షరాలు అద్దంలోలా తిరగబడతాయి. అక్షరాలనే తొలిస్తే ఎర్రటి మచ్చలో తెల్లని రాత వస్తుంది, చుట్టూ తొలిస్తే ఎర్రటి రాత. పలచని సిరా బొమ్మకు రెండోదే మాకు నచ్చుతుంది. మొదటిది ఎరుపు ఎక్కువై కన్ను లాగేస్తుంది.

ముద్ర వేసే ఎర్రటి ముద్దలో ఉండేవి ఇంగిలీకం, ఆముదం, మాచిపత్రి జాతి మొక్క నార. దాన్ని ఎముక పుల్లతో కలిపి కుప్పగా చేసి, ముద్రతో మెల్లగా తట్టండి, అదిమితే గాడులు నిండిపోతాయి. కాగితం కింద నాలుగైదు మడతల మెత్తని కాగితం పెట్టి, నిటారుగా నొక్కి, కదపకుండా ఎత్తండి. ముద్ర పరిమాణం సంతకపు అక్షరాలను మించకూడదు, వాటి కింద ఒక అక్షరమంత ఎడం ఉంచండి. నలుగురి పేర్ల ముద్రలూ కావాలంటే ఎవరి పేరు కింద వారిది చిన్నదిగా వేయండి. ఆ ముద్ద ఆరడానికి రోజులు పడుతుంది కాబట్టి బొమ్మను వెంటనే చుట్టకండి. చుట్టితే ఎరుపు ఎదురు భాగానికి అంటుకుంటుంది, ఖాళీ వదిలిన చోట మరీ కనిపిస్తుంది.