పదహారో ట్యాబ్ తెరిస్తే మొదటి పేజీ ఎందుకు పోతుంది?

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు పోటెత్తిన రోజు, ఒక అడ్తి దుకాణం గుమాస్తా ఫోన్ చేశాడు. "అన్నా, రైతు పేరు, కాంటా బరువు అన్నీ కొట్టిన. సేవ్ నొక్కంగనే వ్యూ ఎక్స్‌పైర్డ్ అంటున్నది." తక్‌పట్టీ (అమ్మకం చీటీ) కోసం రైతు ఎదురుగానే నిలబడి ఉన్నాడట. ఆ మాట వింటే నాకు కాళ్లు నిలవలేదు.

మా సాఫ్ట్‌వేర్ జేఎస్ఎఫ్‌లో (జావాలో వెబ్ పేజీలు కట్టే పద్ధతి), దాన్ని అమలు చేసే మొజర్రా మీద నడుస్తుంది. వ్యూ ఎక్స్‌పైర్డ్ అంటే ఆ పేజీ వివరాలు సర్వర్ దగ్గర ఇక లేవని. ఈ లోపం కనిపిస్తే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: గడువు తీరిందా, చోటు నిండిందా? మా పేజీలను నడిపే సర్వర్ టామ్‌క్యాట్‌లో సెషన్ (ఒక్కో మనిషి కోసం సర్వర్ ఉంచే ఖాతా) గడువు మామూలుగా 30 నిమిషాలు. అన్నం తినొచ్చాక లోపం వస్తే గడువే కారణం, టైమవుట్ పెంచితే చాలు. పక్క ట్యాబ్‌లో పని నడుస్తుండగానే వచ్చిందంటే చోటు నిండినట్టు.

మా గుమాస్తాది రెండోదే. పేజీ స్థితిని సర్వర్‌లో దాచే పద్ధతిలో, ఒక్కో సెషన్‌కు మొజర్రా మామూలుగా 15 లాజికల్ వ్యూలే (తెరిచిన ఒక్కో పేజీకి ఒకటి) ఉంచుతుంది. పదహారోది రాగానే ఎక్కువసేపు ముట్టనిదాన్ని తీసేస్తుంది. ట్యాబ్ మూసినా సర్వర్‌కు తెలియదు, ఆ చోటు ఖాళీ కాదు. ధరలు చూడటానికి, పాత తక్‌పట్టీలు వెతకడానికి తెరిచిన పేజీలే ఎంట్రీ పేజీని బయటికి నెట్టాయి.

చాలామంది వెంటనే ఆ 15ను 100 చేస్తారు. దయచేసి అలా చేయకండి. ఒక్కో లాజికల్ వ్యూ కింద మళ్లీ 15 స్థితులు ఉండొచ్చు, అంటే ఇప్పుడున్న 15తోనే మనిషికి 225. ఒక్కోటి 40 కేబీ అనుకున్నా 9 ఎంబీ, వంద మందికి 900 ఎంబీ. సీజన్‌లో సాయంత్రానికి సర్వర్ అవుట్ ఆఫ్ మెమరీతో పడిపోయేది ఇలాగే.

దానికి బదులు, వెతికే పేజీల్లో ఎఫ్-వ్యూ ట్యాగ్‌కు (పేజీ మొత్తాన్ని చుట్టే ట్యాగ్) ట్రాన్సియంట్ ట్రూ పెట్టండి. జేఎస్ఎఫ్ 2.2 నుంచి ఈ సౌకర్యం ఉంది. ఆ పేజీల స్థితి ఇక దాచరు, ఎంట్రీ పేజీల చోటు మిగులుతుంది. వాటి బీన్‌లు (పేజీ వెనక డేటా పట్టుకునే జావా వస్తువులు) మాత్రం వ్యూ స్కోప్‌లో, అంటే పేజీ ఉన్నంతసేపు బతికేలా ఉండకూడదు, ఒక్క రిక్వెస్ట్‌తో ముగిసే రిక్వెస్ట్ స్కోప్‌కు మార్చాలి.

స్థితిని బ్రౌజర్‌కే పంపే క్లయింట్ పద్ధతి కూడా ఉంది. మెమరీ తగ్గుతుంది, కానీ ప్రతి సబ్మిట్‌కూ ఆ మూట అటూ ఇటూ తిరగాలి. పైగా వ్యూ స్కోప్ బీన్‌లు అప్పుడు కూడా సెషన్‌లోనే ఉంటాయి. సీజన్ లాట్లన్నీ ఒకే లిస్టులో నింపుకున్న బీన్ ఉంటే ముందు దాన్ని సరిచేయండి, పేజీకి 50 వరుసలు తెస్తే చాలు.

మార్చాక ఎంట్రీ పేజీలో ఒక బరువు కొట్టి వదిలేయండి. వెతికే పేజీలు 16 తెరవండి. వెనక్కి వచ్చి సేవ్ నొక్కండి.