సిక్కోలు తీరాన శరదృతువు గాలం: నీళ్లు చూసి ఎర ఎంచుకోవడం ఎలా?

దసరా వెళ్లిందంటే మన సముద్రం తీరు మారుతుంది. నైరుతి గాలి సద్దుమణిగి ఈశాన్యపు గాలి మొదలవుతుంది. ఎండాకాలంలో ఉత్తరానికి పారిన తీర ప్రవాహం అక్టోబరు నుంచి దక్షిణానికి తిరుగుతుంది. వంశధార, నాగావళి మోసుకొచ్చిన వరద నీరు మొగల (ఏరు సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర ఇంకా సముద్రంలో కలుస్తూనే ఉంటుంది. అందుకే ఒకే ఒడ్డున ఒకరోజు ఎర్రనీళ్లు, నాలుగు రోజులకు తేటనీళ్లు కనిపిస్తాయి. చాలామంది ముందు రొయ్యలు కొనుక్కుని ఆ తర్వాత సముద్రం ముఖం చూస్తారు. ముందు నీళ్లు చూడండి, ఎర సంగతి తర్వాత.

1. తుపాను కబురు కనుక్కోండి

మన దగ్గర తుపాన్ల కాలం ఇదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సమాచారం చూడండి. కళింగపట్నంలోనో భీమునిపట్నంలోనో ప్రమాద సూచిక ఎగరేశారంటే ఆ రోజు గాలం ఇంట్లోనే ఉండాలి. తుపాను ఎక్కడో దూరాన ఉన్నా, ఇక్కడ గాలి ఆడకపోయినా, పెద్ద కెరటాలు ఒడ్డుకు వచ్చేస్తాయి.

2. చోటు, వేళ

కళింగపట్నంలో వంశధార మొగ, బారువ దగ్గర మహేంద్రతనయ మొగ, విజయనగరం వైపు కోనాడ దగ్గర చంపావతి మొగ ఈ కాలానికి మంచి చోట్లు. అమావాస్య, పున్నమిలకు పోటుపాట్లు బలంగా ఉంటాయి, అష్టమికి మెత్తబడతాయి. పోటు రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిన్నటి వేళ తెలిస్తే నేటి వేళ లెక్క కట్టుకోవచ్చు.

నాకు బాగా నచ్చే వేళ, పోటు నిండి పాటు (నీరు వెనక్కి తగ్గడం) మొదలయ్యే సమయం. ఏటిలోకి ఎక్కిన చిన్న కత్తిపరిగె చేపలు, రొయ్యలు అప్పుడు నీటితోపాటు బయటికి వస్తాయి. పండుగప్ప ఆ ప్రవాహం అంచున మాటు వేసి ఉంటుంది. అది తెల్లవారుజామున పడితే ఇంకా మంచిది. నేల మీంచి సముద్రం వైపు వీచే గాలికి కెరటం కాస్త అణిగి, గాలం విసరడం సులువవుతుంది. మొగ అంచున ఇసుక కోసుకుపోతూ ఉంటుంది కాబట్టి నీళ్లలోకి దిగి నిలబడకండి.

3. నీళ్ల రంగును బట్టి ఎర

*ఎర్రనీళ్లు:* ఉప్పు తగ్గిన ఈ నీళ్లకు చాలా సముద్రపు చేపలు దూరంగా జరుగుతాయి. జెల్లలు, కత్తిపరిగెలు, పండుగప్పలు తట్టుకుంటాయి. ఈ మసకలో కంటికన్నా వాసనే పని చేస్తుంది. నూనె ఉన్న కవళ్లను (సార్డిన్ చేపలను) ముక్కలు కోసి కట్టండి. జెల్ల మీసాలతో వెతుక్కుంటూ వచ్చి పడుతుంది. కవళ్ల మాంసం మెత్తన, విసరగానే ఊడిపోతుంది. అందుకే గాలానికి గుచ్చాక సన్నదారం నాలుగు చుట్లు చుట్టాలి.

*కలిసే గీత:* ఎర్రనీళ్లు, నీలినీళ్లు కలిసేచోట సముద్రం మీద గీత గీసినట్టు కనబడుతుంది. నా మాట నమ్మండి, ముందు అక్కడే ప్రయత్నించాలి. తిండి అంతా ఆ గీత దగ్గరే పోగవుతుంది. బతికున్న కత్తిపరిగె మూతికి గాలం గుచ్చి, ప్రవాహంలో ఈదనివ్వండి. పండుగప్పకు దీన్ని మించిన ఎర లేదు.

*తేటనీళ్లు:* పెంకు తీయని పచ్చి రొయ్య, స్క్విడ్ పట్టీ వాడండి. పీతలు, చిన్న చేపలు ఎరను కొరికేస్తుంటే స్క్విడ్డే మేలు, అది గట్టిగా నిలుస్తుంది. పక్షులు గుంపుగా నీళ్లలోకి దూకుతున్నాయంటే నెత్తళ్ల గుంపును కింద నుంచి పార చేపలు తరుముతున్నాయని అర్థం. అప్పుడు మెరిసే లోహపు ఎర విసిరి వేగంగా లాగండి.

ఎర ఎక్కడ కొనాలంటారా? తెప్పలు ఒడ్డుకు చేరే వేళకు వెళ్లి, ఆ పూట వలలో పడిన చిన్న చేపలే అడిగి తీసుకోండి. ఆ నీళ్లలో పెద్ద చేపలు తింటున్నది వాటినే. రొయ్యలు మిగిలితే ఉప్పు పట్టించండి, మర్నాటికి గట్టిపడి గాలం మీద బాగా నిలుస్తాయి.

4. సరంజామా

బీచ్ నుంచి విసరడానికి 60 నుంచి 100 గ్రాముల సీసం చాలు. సావడలు (రిబ్బన్ చేపలు) తిరుగుతుంటే గాలానికి పైన జానెడు స్టీలు తీగ కట్టాలి, వాటి పళ్లకు తంగూసు (నైలాన్ దారం) ఆగదు. తెగిన తంగూసు ముక్కలు ఇసుకలో వదలొద్దు. చలికాలం చివర్లో ఇదే ఒడ్డుకు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

5. జెల్ల పడితే

చేత్తో పట్టుకోకండి. వీపు మీద ఒకటి, చెంపల వెనక రెండు విషపు ముళ్లుంటాయి. తడిగుడ్డ వేసి అదిమి, పట్టకారుతో గాలం తీయండి. ముల్లు గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంటకు తగ్గకుండా ఉంచితే నొప్పి దిగుతుంది. లోపల విరిగినా, వాపు పెరుగుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.