భర్తకో భార్యకో ఇక ఎక్కువ రోజులు లేవని తెలిసినప్పుడు స్నేహితులతో ఎలా చెప్పుకోవాలి?

"ఇంటికి తీసుకెళ్లండి, ఇష్టమైనవి పెట్టండి" అని డాక్టర్ అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట నోటితో అనే వీలుండదు. అత్తగారి ముందు అనలేం, పిల్లల ముందు అనలేం, మంచం మీదున్న మనిషి ముందు అసలే అనలేం. అనబోతే "తథాస్తు దేవతలుంటారు, అలా మాట్లాడకు" అని నోరు మూయిస్తారు. అందుకే దీన్ని చెప్పుకోవడానికి ఇంటి బయటి మనిషి ఒకరు కావాలి. ఒక్కరు చాలు. పదిమందికి తలా కాస్త చెప్పడం కంటే ఒకరికి పూర్తిగా చెప్పుకోవడమే మేలని నా అభిప్రాయం.

1. మనిషిని ఎంచుకోండి

చిన్ననాటి స్నేహితురాలే కానక్కర్లేదు. ఆఫీసులో పక్క సీటు ఆమె కావచ్చు, పిల్లల స్కూల్ దగ్గర పరిచయమైన ఆమె కావచ్చు. ఇతరుల ఇంటి గుట్టు మీ దగ్గరికి ఎప్పుడూ మోసుకురాని మనిషైతే చాలు. మీ ఆడపడుచుతోనో బావమరిదితోనో రోజూ మాట్లాడేవాళ్లను ఈ ఒక్క విషయంలో పక్కన పెట్టండి. ఇలాంటి కష్టం పడ్డవాళ్లకు బాగా అర్థమవుతుంది, నిజమే. కానీ కొందరు రెండో నిమిషంలోనే తమ కథలోకి వెళ్లిపోతారు, చివరికి మీరే వాళ్లను ఓదార్చాల్సి వస్తుంది.

2. పక్క గదిలోంచి మాట్లాడొద్దు

కళ్లు మూసుకున్నంత మాత్రాన నిద్రపోతున్నట్టు కాదు. చివరి గంటల్లో స్పృహ లేనట్టు కనిపించే కొందరి మెదడు కూడా శబ్దాలకు స్పందించిందని కెనడా పరిశోధకులు 2020లో ప్రచురించారు. కాబట్టి డాబా మీదికి వెళ్లండి, లేదా మందుల షాపుకు నడుస్తూ మాట్లాడండి. స్పీకర్ ఆఫ్ చేయండి. రాత్రి రెండింటికి మెలకువగా కూర్చునేవాళ్లకు అమెరికాలో స్నేహితులుంటే కాస్త వెసులుబాటు, ఆ వేళకు డల్లాస్‌లో మధ్యాహ్నం. వాయిస్ మెసేజ్ అయినా సరే, పొరపాటున ఫ్యామిలీ గ్రూపులోకి పోకుండా చూసుకోండి.

మగవాళ్లలో చాలామందికి ఎదురెదురుగా కూర్చుంటే మాట పెగలదు. కారులో పక్కపక్కన కూర్చున్నప్పుడో, టీ కొట్టు దగ్గర నిలబడ్డప్పుడో మొదలుపెట్టడం తేలిక.

3. ఏం కావాలో ముందే చెప్పండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. మీరేం కోరుకుంటున్నారో చెప్పకపోతే ఐదు నిమిషాల్లో ఓ నాటు వైద్యుడి నంబరు, ఓ గుడి పేరు, ఇంకో పెద్దాసుపత్రి అడ్రసు మీ చేతిలో ఉంటాయి. వాళ్ల తప్పేం లేదు, ఏదో ఒకటి చేయాలనే తపన. అందుకే మొదటే అనండి: "నీకో సంగతి చెప్పాలే. సలహాలేం వద్దు. ఏమీ కాదులే అని కూడా అనకు. కాసేపు విను."

"ఇది ఎవరికీ చెప్పకు" అని కూడా నోరు తెరిచి అనాలి. అర్థం చేసుకుంటారులే అని వదిలేస్తే రెండు రోజుల్లో పరామర్శలు మొదలవుతాయి.

4. అసలు మాట మొదటి వాక్యంలోనే చెప్పండి

"ఒంట్లో అంత బాగుండట్లేదు" అని మొదలుపెడితే అవతలివాళ్లు "విశ్రాంతి తీసుకోమను" అంటారు, ఇక అక్కడితో సరి. సూటిగా చెప్పండి. "మీ అన్నయ్యగారికి ఇక కీమో ఆపేస్తామన్నారే. కొన్ని వారాలే అంటున్నారు." మగవాళ్లయితే, "ఒరేయ్, మీ చెల్లెమ్మ ఇక మనకు దక్కదన్నార్రా." ఏడుపొస్తే రానివ్వండి, ఫోన్ పెట్టేయకండి.

తర్వాత జబ్బేమిటి, వైద్యం ఎక్కడ ఆగింది, ఇప్పుడెలా ఉన్నారు అన్నవి క్లుప్తంగా చాలు. ఒకటి మాత్రం మర్చిపోవద్దు. అసలు విషయం రోగికి తెలుసా, తెలియదా? మన ఇళ్లల్లో చాలాసార్లు దాచిపెడతాం. తెలియదనే సంగతి చెప్పకపోతే ఆ స్నేహితురాలు చూడ్డానికొచ్చి మంచం పక్కనే బయటపెట్టేయొచ్చు.

5. కొన్ని ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోండి

"ఏమైనా తింటున్నారా?" అని తప్పకుండా అడుగుతారు. తినట్లేదంటే "బలవంతంగానైనా పెట్టాలి కదా" అంటారు. అది గుచ్చుకుంటుంది. చివరి దశలో శరీరానికి ఆకలి తగ్గిపోతుంది. తిండి మానడం వల్ల మనిషి పోవడం లేదు, పోయే దశలో ఉండటం వల్ల తిండి తగ్గుతోంది. బలవంతంగా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది.

రెండోది మార్ఫిన్. "అదిస్తే తొందరగా పోతారట" అనే మాట ఊళ్లో బాగా తిరుగుతుంది. డాక్టర్ పర్యవేక్షణలో, సరైన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ నొప్పిని, ఆయాసాన్ని తగ్గిస్తుంది, ప్రాణం తీయదు. మాదకద్రవ్యాల చట్టం అడ్డంకుల వల్ల దేశంలో ఆ మందు దొరకడమే కష్టంగా ఉండేది, 2014 సవరణతో కొంత సులువైంది.

మూడోది "మరి ఊరికే ఇంట్లో పెట్టుకున్నారా?" అన్నది. ఊరికే కాదని చెప్పండి. జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యం ఉంది, దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే స్పర్శ్ హాస్పిస్‌లో ఈ సేవ ఉచితం. ఈ వైద్యంలో రోగితో పాటు ఇంట్లోవాళ్ల బాధను కూడా పట్టించుకుంటారు.

6. నోటికి రాని మాట కూడా అనండి

"ఈ బాధ చూడలేను, త్వరగా పోతే బాగుండు" అని రాత్రి అనిపిస్తుంది. తెల్లారాక సిగ్గేస్తుంది. నెలల తరబడి నిద్రలేకుండా సేవ చేసేవాళ్లలో ఇది మామూలే. ప్రేమ తగ్గిందని దానికి అర్థం కాదు. పసుపు కుంకుమల గురించిన భయం, ఆసుపత్రి బిల్లుల మీద కోపం, ఇన్నేళ్ల కాపురంలో తీరని అలకలు... ఇవన్నీ ఆ ఒక్క మనిషి దగ్గర అనుకోవచ్చు. అప్పు అడగాల్సి వస్తే ఇంకో రోజు అడగండి. రెండూ ఒకే ఫోన్‌లో కలిస్తే ఏడ్చింది డబ్బు కోసమేనేమో అన్న అనుమానం మిగులుతుంది.

మీకే బతకాలనిపించకపోతే మాత్రం స్నేహం సరిపోదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

7. కొన్ని మీ దగ్గరే ఉంచుకోండి

పక్క తడిసిన సంగతి, మతి తప్పి అన్న మాటలు, ఫొటోలు. అవి ఆ మనిషి పరువుకు సంబంధించినవి. మీ అలసట చెప్పడానికి అవి అక్కర్లేదు.

8. ఒక పని అప్పగించండి

"ఏమైనా కావాలంటే చెప్పు" అన్నవాళ్లకు నిజంగానే చెప్పండి. దూరపు చుట్టాల ఫోన్లకు మీ బదులు జవాబివ్వడం మంచి పని. రెండో వారం నుంచి ఆ స్నేహితురాలే ఫోన్ చేయడం మానేస్తే నొచ్చుకోకండి, కొందరికి చావు మాటంటేనే భయం. ఇంకొకరిని చూసుకోండి.

నిలబడ్డ మనిషి దొరికితే ఒక కాగితం రాసివ్వండి. డాక్టర్ నంబరు, మొదట ఫోన్ చేయాల్సిన వాళ్ల పేర్లు, ఆధార్ కార్డు ఎక్కడుందో అందులో ఉండాలి. ఇంట్లోనే పోతే డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి, 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించాలి. ఆ రోజు మీకు ఇవేవీ గుర్తుండవు కాబట్టి ఆ బాధ్యత ఎవరిదో ఇప్పుడే మాట్లాడుకోండి.