పాత మదర్‌బోర్డు మీద పెద్ద కూలర్ కూర్చోవడం లేదా?

ప్రాసెసర్‌ని చల్లబరిచే పెద్ద టవర్ కూలర్ కొనేముందు చాలామంది సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు ఒక్కటే చూసుకుంటారు. తీరా బిగించబోతే సాకెట్ చుట్టుపక్కల ఉన్నవన్నీ అడ్డం పడతాయి.

స్క్రూలు రంధ్రాల్లోకి దిగడం లేదు

రంధ్రాల మధ్య దూరం వేరు కావడమే కారణం. ఇంటెల్ బోర్డుల్లో నాలుగు రంధ్రాలు చదరంగా ఉంటాయి. ఒక రంధ్రం నడిమి నుంచి పక్కదాని నడిమికి స్కేలు పెట్టి కొలవండి. 72 మి.మీ. వస్తే అది ఎల్‌జీఏ 775 సాకెట్. 75 అయితే 1156, 1155, 1150 వరస. 80 అయితే 1366. ఏఎండీలో ఏఎం2 నుంచి ఏఎం3 ప్లస్ సాకెట్ దాకా 96×48 మి.మీ., ఏఎం4కి 90×54. మూడు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు కాబట్టి కాస్త నొక్కితే పడుతుందిలే అనిపిస్తుంది. పడదు, బోర్డు వంగుతుంది.

మీ సాకెట్‌కి సరిపడే మౌంటింగ్ కిట్ కూలర్ కంపెనీ విడిగా ఇస్తుందేమో చూడండి. లేకపోతే ఆ కూలర్‌ని వదిలేయడమే. డ్రిల్లు జోలికి మాత్రం పోవద్దు. బోర్డు లోపలి పొరల్లోనూ రాగి గీతలుంటాయి, ఒకటి తెగినా బోర్డు పోయినట్టే.

బ్యాక్‌ప్లేట్ సమంగా ఆనడం లేదు

బ్యాక్‌ప్లేట్ అంటే బోర్డు వెనక నుంచి కూలర్‌ని పట్టి ఉంచే ప్లేటు. పాత కూలర్ ప్లేటు జిగురుతో అంటుకుని ఉండొచ్చు. హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడిచేసి, ప్లాస్టిక్ కార్డుతో నెమ్మదిగా లేపండి. 1156, 1366 బోర్డుల వెనక సాకెట్‌కే సొంత ఉక్కు ప్లేటు ఉంటుంది. దాన్ని విప్పకండి, కొత్త ప్లేటు దాని చుట్టూ కూర్చోవాలి.

ఫ్యాన్ ర్యామ్‌కి తగులుతోంది

అసలు తిప్పలు ఇక్కడే. మామూలు డీడీఆర్3 ర్యామ్ ఎత్తు 30 మి.మీ. చిల్లర. అలంకారపు హీట్‌స్ప్రెడర్ (ర్యామ్ మీది లోహపు తొడుగు) ఉంటే 40 దాటుతుంది. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 కూలర్‌నే తీసుకోండి. ముందు ఫ్యాన్ కింద 32 మి.మీ. చోటే ఉంటుంది, మొత్తం ఎత్తు 165. మీ ర్యామ్ 42 ఉంటే ఫ్యాన్‌ని 10 పైకి జరపాలి. అప్పుడు ఎత్తు 175 అవుతుంది, చాలా కేసుల్లో పక్క తలుపు మూసుకోదు! ముందు ఫ్యాన్ తీసేసి మధ్య ఫ్యాన్‌తోనే నడపడం మంచిది. అప్పుడు ర్యామ్‌కి 64 దాకా చోటు దొరుకుతుంది, వేడిలో తేడా కొద్దిగానే.

కొనకముందే తేల్చుకోవాలంటే కూలర్ పొడవు, వెడల్పులకు అట్టముక్క కత్తిరించి ప్రాసెసర్ మీద పట్టుకుని చూడండి. ర్యామ్ ఒక్కటే కాదు, పక్కనున్న వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సర్దే భాగం) హీట్‌సింకులు, మొదటి స్లాటులోని గ్రాఫిక్స్ కార్డు కూడా అట్టకి తగులుతాయేమో తెలిసిపోతుంది. కార్డుని కింది స్లాటుకి మార్చొచ్చు కానీ అక్కడ లేన్లు (డేటా వెళ్లే దారులు) తక్కువ ఉండే అవకాశం ఎక్కువ.

అంతా బిగిసింది, వేడి మాత్రం తగ్గలేదు

కూలర్ విప్పి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్టు చూడండి. నడిమిలో పలచగా పరుచుకోకపోతే అడుగుభాగం ప్రాసెసర్‌కి ఆనలేదన్నమాట. బ్రాకెట్ ఏ కెపాసిటర్ మీదో ఎక్కి ఉంటుంది, లేదా వేరే సాకెట్ స్టాండాఫ్‌లు (బ్రాకెట్‌ని ఎత్తులో నిలిపే చిన్న స్తంభాలు) వేసుంటారు. అడుగున ప్లాస్టిక్ పొర తీయడం మరిచిపోయినవాళ్లూ ఉన్నారు, నవ్వకండి.

ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్

వైరు సీపీయూ ఫ్యాన్ పిన్నులకే పెట్టారా చూడండి. పెట్టినా వస్తుంటే టెన్షన్ పడకండి. పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతాయి, పాత బయోస్ (కంప్యూటర్‌ని మొదలుపెట్టే బోర్డులోని ప్రోగ్రాం) దాన్ని ఆగిపోయిన ఫ్యాన్ అనుకుంటుంది. బయోస్‌లో కనీస వేగం హద్దు తగ్గించండి.